ఉప్పు నేల, కొత్త వరి, కువైట్ ఫోను: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా మన డెల్టా మండలాల నుంచే వచ్చాయి. సైన్సులో కొత్తది వచ్చిందని టీవీలో చూస్తున్నాం, అది మా చేనుకి, మా చెరువుకి, మా ఇంటికి వస్తే ఏమవుతుందో చెప్పండి అని అందరూ అడుగుతున్నారు. వరస పట్టించుకోకుండా, ఎక్కువ చెప్పాల్సిన వాటికి ఎక్కువ, తక్కువ చెప్పాల్సిన వాటికి తక్కువ రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నాకు నాలుగు ఎకరాల వరి ఉంది. చుట్టూ రొయ్యల చెరువులు తవ్వాక చేలో ఉప్పు తేలుతోంది. దాళ్వాలో (రెండో పంటలో) అయితే మొక్క ఎదగకుండా ఎర్రబడి కూర్చుంటోంది. ఉప్పు తట్టుకునే జీన్ ఎడిటింగ్ వరి వచ్చిందని, దాన్ని మన 1010 లోంచే చేశారని విన్నాను. ఇది బీటీ పత్తి లాంటిదేనా? తింటే ఏమన్నా అవుతుందా? విత్తనం ఎప్పుడు దొరుకుతుంది?
– ఒక రైతు, సఖినేటిపల్లి మండలం

జవాబు: మీరు విన్నది నిజమేనండి. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ఢిల్లీలో రెండు జన్యు సవరణ వరి రకాలు ప్రకటించారు. ఒకటి 'కమల', దీన్నే డీఆర్ఆర్ ధాన్ 100 అంటారు. హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ దాన్ని సాంబ మసూరి లోంచి తయారు చేసింది. రెండోది మీరు అడిగిన పూసా డీఎస్‌టీ రైస్ 1, ఢిల్లీ పూసా సంస్థ వాళ్ళు ఎంటీయూ 1010 లోంచి చేశారు. 1010 అంటే కాటన్‌దొర సన్నాలు, మన మార్టేరు కేంద్రంలో పుట్టిన రకం. సాంబ మసూరి బాపట్లలో పుట్టింది. దేశంలో మొదట సవరించిన రెండు వరి రకాలూ మన కోస్తావే. నాకు అది గర్వంగానే ఉంది, కాబట్టే వీటి గురించి గట్టిగా అడిగే హక్కు కూడా మనకి ఉందంటాను.

బీటీ పత్తికీ దీనికీ తేడా ఉంది. బీటీ పత్తిలో, నేలలో బతికే ఒక బాక్టీరియా జన్యువు తెచ్చి పత్తి మొక్కలో పెట్టారు. ఈ వరిలో బయటి జన్యువు ఏదీ మిగలదు. ఒకరి దస్తావేజులో ఇంకొకరి కాగితం తెచ్చి కుట్టడం వేరు, ఉన్న కాగితంలోనే ఒక అక్షరం కొట్టేయడం వేరు కదా, ఇది రెండో తరహా. ఆ కొట్టేసే పద్ధతి పేరు క్రిస్పర్. 2012లో దాన్ని బయటపెట్టిన జెన్నిఫర్ డౌడ్నా, ఇమ్మాన్యుయేల్ షార్పెంటియేలకి 2020లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. వరిలో డీఎస్‌టీ అని ఒక జన్యువు ఉంది, మొక్క ఉప్పుకీ బెట్టకీ తట్టుకోకుండా అడ్డం పడేది అదే. దాన్ని పనిచేయకుండా చేస్తే ఆకు మీద గాలి రంధ్రాలు తక్కువగా ఏర్పడతాయి, ఆకులో నీరు నిలుస్తుంది, మొక్క కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. కత్తిరించడానికి వాడిన సరంజామా తర్వాతి తరం మొక్కల్లో లేకుండా ఏరేస్తారు.

తినడం గురించి నాకు భయం లేదు. ఒక జన్యువు చెడిపోవడం అనేది ప్రకృతిలో కూడా తనంతట తాను జరిగే మార్పే. నా పట్టుదల ఇంకోచోట ఉంది. ఇలాంటి రకాలకి బీటీ పత్తికి పెట్టినంత కఠినమైన అనుమతుల దారి అక్కర్లేదని 2022 మార్చిలో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. తప్పని నేననను, కానీ దారి చిన్నదైనప్పుడు లెక్కలు అంత బాహాటంగా ఉండాలి. ప్రయోగాల ఫలితాల మీద కొన్ని రైతు, స్వచ్ఛంద సంస్థలు ప్రశ్నలు లేవదీశాయి కూడా. ఏ ఊళ్ళో వేశారు, నేలలో ఉప్పు ఎంత, పక్కన మామూలు 1010 ఎంత పండింది అన్నది పరిశోధన సంస్థలు రైతు చదువుకునే భాషలో బయట పెట్టాలి. ఆ పరిశోధన మన పన్నుల సొమ్ముతోనే జరిగింది.

దిగుబడి మాట కూడా జాగ్రత్తగా వినండి. తీరప్రాంత ఉప్పు నేలల్లో సుమారు 30 శాతం ఎక్కువ పండిందని ప్రకటనలో ఉంది. అంటే ఆ ఉప్పు నేలలో మామూలు 1010 ఎకరానికి పది బస్తాలు ఇస్తే ఇది పదమూడు ఇస్తుందని అర్థం. మంచి నేలలో మీకు వచ్చే ముప్పై అయిదు బస్తాలు తిరిగి వస్తాయని కాదు. ఆ మూడు బస్తాలు మీ కౌలు, ఎరువు, నూర్పిడి ఖర్చుల్లో ఎక్కడ నిలుస్తాయో లెక్క వేసుకోవాల్సింది మీరే.

విత్తనం సంగతి: క్రిస్పర్ పద్ధతి మీద పేటెంట్లు విదేశాల్లో ఉన్నాయి, విత్తనం అమ్మకానికి రావాలంటే ఆ లెక్క తేలాలి. తర్వాత బ్రీడర్, ఫౌండేషన్, సర్టిఫైడ్ దశలు దాటాలి, ప్రతి దశకీ ఓ పంట కాలం పడుతుంది. ఈలోగా ఎవరన్నా సంచి పట్టుకొచ్చి 'ఉప్పు తట్టుకునే కొత్త రకం' అంటే సర్టిఫికేషన్ ట్యాగు, బిల్లు లేకుండా రూపాయి ఇవ్వకండి.

ఇంకో మాట, ఇదే అసలు మాట. ఏ విత్తనమైనా ఉప్పుని కొంతవరకే ఓర్చుకుంటుంది. మీ చేలోకి ఉప్పు వస్తున్న దారి మూయకపోతే ఏడాదికేడాది అది పెరుగుతూనే ఉంటుంది. దాళ్వా కోత అయ్యాక, వానలు పడకముందు మట్టి తీసి పరీక్ష చేయించండి, ఇసి (నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) ఎంతో అడగండి. నాలుగు దాటితే దాన్ని ఉప్పు నేల అంటారు, వరికి మూడు దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. చెరువు గట్టుకీ మీ గట్టుకీ మధ్య ఊట బోదె (ఊరే నీటిని పట్టే చిన్న కాలువ) ఉందా, ఉన్నా పూడిపోయిందా చూడండి. మురుగు కాలువ సముద్రంలో కలిసే చోట మేట వేసి పోటు నీళ్ళు వెనక్కి తంతున్నాయా చూడండి. ఈ పని ఒక్కరితో అయ్యేది కాదు, ఆయకట్టు అంతా కలిసి మట్టి పరీక్ష కాగితాలతో అర్జీ పెడితే ఆ కాగితాలకి బలం ఉంటుంది. ఢిల్లీలో జన్యువు సవరించగలిగిన దేశానికి డ్రెయిను పూడిక తీయడం చేతకాదంటే నేను ఒప్పుకోను.

ప్రశ్న: మా అబ్బాయి కువైట్‌లో డ్రైవరు. పోయిన నెల రాత్రి పూట తెలియని నంబరు నుంచి ఫోను. "అమ్మా, యాక్సిడెంట్ అయింది, పోలీసులు పట్టుకున్నారు, వెంటనే డబ్బులు వేయించు" అని ఏడుపు. అచ్చం వాడి గొంతే. పక్కింటి కుర్రాడి చేత ఎనభై వేలు వేయించాను. తెల్లారి వాడే ఫోన్ చేసి నాకేం కాలేదే అన్నాడు. కన్నకొడుకు గొంతు పోల్చుకోలేవా అని ఇంట్లో అందరూ నన్నే అంటున్నారు.
– ఒక తల్లి, రాజోలు

జవాబు: అమ్మా, ముందుగా మీ ఇంట్లోవాళ్ళకి ఈ పేజీ చదివి వినిపించండి. ఈ రోజున ఎవరి గొంతునైనా కొన్ని సెకన్ల రికార్డింగుతో కంప్యూటరు పోతపోయగలదు. మాటలో విరుపు, ఊపిరి తీసే తీరు, ఏడుపు జీర, అన్నీ వస్తాయి. తెలుగులో కూడా వస్తాయి. ఆ రికార్డింగు ఎక్కడిదంటే మీ అబ్బాయి పెట్టుకున్న రీల్స్‌లోదో, స్టేటస్‌లోదో అయ్యుంటుంది. ఇది పరికరాలు పెట్టి వింటే తప్ప తేల్చడం కష్టమైన మోసం. అర్ధరాత్రి ఫోనులో ఏ తల్లీ కనిపెట్టలేదు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకి ఇప్పటికైనా ఫిర్యాదు చేయండి, డబ్బు వేసిన రసీదు, ఫోన్ వచ్చిన నంబరు, సమయం దగ్గర పెట్టుకోండి. డబ్బు పోయిన గంట రెండు గంటల్లో చెబితే అవతలి ఖాతాని ఆపే అవకాశం ఎక్కువ, కానీ ఆలస్యమైందని మానేయకండి. అదే ఖాతా మీద ఇంకో పదిమంది ఫిర్యాదులు ఉండి ఉండొచ్చు.

ఇక ముందు జాగ్రత్త. గల్ఫ్‌లో మనిషి ఉన్న ప్రతి ఇంటికీ ఇది చెబుతున్నాను, కోనసీమలో అలాంటి ఇళ్ళు ఎన్నో మీకు తెలుసు. మీ ఇంట్లోవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియని ఒక మాట అనుకోండి. ఇంటిపేరు, ఊరు, పిల్లల పేర్లు వద్దు, అవి ఫేస్‌బుక్‌లో ఉంటాయి. చిన్నప్పుడు మీ పెరట్లో ఉన్న ఆవు పేరో, చెట్టు కింద పడి పగిలిన బిందె సంగతో అయితే బాగుంటుంది. డబ్బు అడిగే ఫోన్ ఏదొచ్చినా ఆ మాట అడగండి. చెప్పలేకపోతే కట్ చేసి, మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకి మీరే చేయండి. నిజంగా ఆపదలో ఉన్న కొడుకు రెండు నిమిషాలు ఆలస్యమైందని తల్లి మీద కోపం పెట్టుకోడు.

దీనికి అన్నగారు ఇంకోటుంది, 'డిజిటల్ అరెస్ట్'. వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సు వేసుకుని కూర్చుని, గదిలోంచి కదలొద్దు అంటారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు.

ప్రశ్న: ఎనిమిది ఎకరాల్లో వనామీ రొయ్య వేస్తున్నాను. ఒక కంపెనీ కుర్రాళ్ళు వచ్చి ఏఐ అంటున్నారు. చెరువులో సెన్సార్లు పెడతారట, మేత మిషనే చూసి వేస్తుందట, నెలనెలా డబ్బు కట్టాలట. పెట్టమంటారా? పోయిన పంటలో ఈహెచ్‌పీ వచ్చి రొయ్య ఎదగక చాలా నష్టపోయాను.
– ఒక ఆక్వా రైతు, ఉండి

జవాబు: రెండు సంగతులు విడదీసి చూడాలి. ఆక్సిజన్, మేత, ఇవి ఒకటి. జబ్బు ఇంకోటి.

ఆక్సిజన్ విషయంలో సెన్సారు పనికొస్తుంది. పగలు నీటిలో నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అదే నాచు, రొయ్య, అడుగు బురద కలిసి వాడేస్తాయి. తెల్లవారుజాముకి డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతుంది. కాపలా కుర్రాడికి నిద్ర పట్టిన ఆ గంటలోనే పంటంతా తేలిపోయిన చెరువులు మన దగ్గర ఎన్ని లేవు! డీఓ పడగానే ఏరియేటర్లు వాటంతట అవే తిరగడం, ఫోన్ మోగడం అనేది నిజమైన ఉపయోగం, కరెంటు బిల్లులో కూడా కొంత మిగులుతుంది. మేత యంత్రాల్లో కొన్ని రొయ్య నమిలే చప్పుడు నీటిలో మైకుతో విని, చప్పుడు తగ్గితే మేత ఆపేస్తాయి. పెట్టుబడిలో సగం దాకా మేతకే పోయే పనిలో అడుగున కుళ్ళే మేత తగ్గడం చిన్న విషయం కాదు.

కానీ చెరువులో దించిన సెన్సారు మొన మీద కొద్ది రోజుల్లోనే పాకుడు పడుతుంది. నాచు, బురద పొరలా అంటుకుంటే అది చూపించే అంకె అబద్ధం. స్క్రీను మీద 5 అని పచ్చగా కనిపిస్తుంటుంది, రొయ్య మాత్రం గట్టు పక్కకి తేలి నోరు తెరుస్తుంటుంది. కాబట్టి ఆ కుర్రాళ్ళని అడగాల్సిన మొదటి ప్రశ్న ఏఐ గురించి కాదు. సెన్సారు ఎవరు తుడుస్తారు, ఎన్నాళ్ళకోసారి కాలిబ్రేషన్ చేస్తారు, చెడితే భీమవరం నుంచి మనిషి ఎన్ని గంటల్లో వస్తాడు, ఇవి అడగండి. రెండో ప్రశ్న, మీ చెరువు లెక్కలు ఎవరివి? మీ సైజు, మీ నష్టం, పట్టుబడి తేదీ ముందే కొనేవాడి చేతికి వెళితే రేటు దగ్గర మీరు బేరమాడలేరు. ఆ సమాచారం ఇంకొకరికి ఇవ్వమని కాగితం మీద రాయించుకోండి.

జబ్బు సంగతికి వస్తే, ఏ సెన్సారూ మీకు ఈహెచ్‌పీని ముందుగా చూపించలేదు. అది రొయ్య కాలేయంలో చేరే సూక్ష్మజీవి, తెల్లమచ్చ వైరస్‌లా ఒక్కసారిగా చంపదు, తిన్న మేత ఒంటికి పట్టకుండా చేస్తుంది. దాన్ని పట్టేది పీసీఆర్ పరీక్ష. 1983లో కేరీ ములిస్‌కి తట్టిన ఆలోచన అది, 1993లో ఆయనకి నోబెల్ వచ్చింది, ఇప్పుడు భీమవరంలో ల్యాబుల్లో రోజూ జరుగుతోంది. సీడు (రొయ్య పిల్లలు) దించకముందు ఒకసారి, దించాక నెలలోపు ఒకసారి చేయించండి. వేరే ల్యాబులో కూడా ఇచ్చి రెండూ కలుస్తున్నాయా చూసుకోండి. పాత పంటలో ఈహెచ్‌పీ వచ్చిన చెరువు అయితే అడుగు బురద తీసి, బాగా ఎండబెట్టి, సున్నం వేసి గానీ నీళ్ళు పెట్టకండి. దాని బీజాలు మట్టిలో గట్టిగా బతుకుతాయి.

నా సలహా అడిగితే, ఎనిమిది ఎకరాలకీ ఒకేసారి పెట్టకండి. ఒక చెరువులో పెట్టండి, పక్క చెరువు మీ పద్ధతిలో చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం) చూసి నడపండి, ఒక పంట అయ్యాక కిలో రొయ్యకి మేత ఎంత, కరెంటు ఎంత అన్నది పక్కపక్కన రాసి చూడండి. దీనికి ఒప్పుకోని కంపెనీకి తన సరుకు మీద తనకే నమ్మకం లేదు.

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు, షుగరు, 98 కిలోలు. మా బావమరిది వారానికో సూది వేసుకుని 12 కిలోలు తగ్గాడు. ఇప్పుడు చవకగా కూడా వస్తోందంటున్నారు. మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తామన్నారు. వేసుకోవచ్చా?
– ఒక వ్యాపారి, తణుకు

జవాబు: మందుల షాపువాడు ఇచ్చేస్తానన్నాడు చూశారూ, అక్కడ ఆగండి. ఇది డాక్టరు చీటీ మీద మాత్రమే వాడాల్సిన మందు.

మందు మాత్రం గొప్పదే. తిండి తిన్నాక మన పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోను పుడుతుంది, చాలు ఇక అని మెదడుకి చెప్పేది అదే, ఇన్సులిన్ వచ్చేలా చేసేది కూడా అదే. కానీ నిమిషాల్లో కరిగిపోతుంది. అమెరికా ఎడారిలో ఉండే గిలా మాన్‌స్టర్ అనే బల్లి విషంలో దీన్ని పోలిన, త్వరగా కరగని పదార్థం దొరికింది. దాంతో చేసిన మొదటి మందు 2005లో వచ్చింది. మీ బావమరిది వాడేది బహుశా సెమాగ్లుటైడ్, అది 2017లో అమెరికాలో షుగరు మందుగా వచ్చింది. మన దేశంలో దాని పేటెంట్ గడువు 2026 మార్చిలో తీరింది, అందుకే మన కంపెనీల మందులు తక్కువ ధరకి వస్తున్నాయి. ఈ మందు ధనవంతుల సోకుగా మిగిలిపోకుండా మధ్యతరగతి షుగరు రోగికి అందడం మంచి పరిణామం అని నేను మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను.

డాక్టరుకి మీరు తప్పకుండా చెప్పాల్సినవి ఉన్నాయి. గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే దానికి ఇది తోడై షుగరు బాగా పడిపోవచ్చు, మోతాదు మార్చాలి. గతంలో క్లోమం వాచినా, ఇంట్లో ఎవరికైనా మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా చెప్పాలి. షుగరు చాలా ఏళ్ళుగా ఉంటే ముందు కంటి పరీక్ష చేయించాలి. మొదట్లో వికారం, వాంతులు చాలామందికి వస్తాయి. బరువుతో పాటు కండ కూడా కరుగుతుంది, కాబట్టి గుడ్డు, చేప, పప్పు బాగా తింటూ కండకి పని చెప్పాలి. సూది ఆపేస్తే పోయిన బరువులో ఎక్కువ భాగం తిరిగి వస్తుంది, దీన్ని ఎన్నాళ్ళు కొనగలరో ముందే ఆలోచించండి. విప్పని పెన్ను ఫ్రిజ్‌లో ఉండాలి, కరెంటు కోతల్లో షాపువాడు దాన్ని ఎలా ఉంచాడో అడగడానికి మొహమాటపడకండి.

పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ అన్నం తినే ఇల్లు మనది. సూది ఆకలి తగ్గిస్తుంది, తినే కొంచెమూ ఉత్త తెల్లన్నమే అయితే ఒంటికి చేరేది తక్కువ.

ప్రశ్న: మా డ్వాక్రా సంఘానికి డ్రోన్ ఇస్తామంటున్నారు. నేను డిగ్రీ దాకా చదివాను, నన్ను నేర్చుకోమంటున్నారు. కానీ మా వీధిలో మందు కొట్టే పనికి వెళ్ళేవాళ్ళు నా మీద గుర్రుగా ఉన్నారు.
– ఒక సంఘ సభ్యురాలు, ముమ్మిడివరం

జవాబు: నేర్చుకో అమ్మా. నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాల కోసం 2023లో పెట్టారు. ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల దాకా సబ్సిడీ. శిక్షణ అయ్యాక రిమోట్ పైలట్ సర్టిఫికెట్ నీ పేరు మీద వస్తుంది, అది నీ ఆస్తి. మిగతా 20 శాతం అప్పుకి వాయిదా ఎంత, బ్యాటరీలు ఎన్నాళ్ళకి మార్చాలి, వాటి ధర ఎంత అన్నది సంఘం పుస్తకంలో ముందే రాసుకోండి. బ్యాటరీ ఖర్చే చాలామందిని దెబ్బతీసేది.

పనిలో రెండు చోట్ల జాగ్రత్త. సుడిదోమ దుబ్బు మొదట్లో, నీటికి జానెడు పైన కూర్చుంటుంది. డ్రోన్ పైనుంచి సన్నటి తుంపర వేస్తే ఆకు తడుస్తుంది, కింద దోమకి సరిగ్గా అందదు. చేలో పాయలు (దుబ్బుల మధ్య ఖాళీ బాటలు) తీసి ఉందా లేదా చూసుకో, లేకపోతే ఆ చేను ఒప్పుకోకు, రైతు రేపు నిన్నే అంటాడు. రెండోది, గాలి ఉన్నప్పుడు పక్కన చేపల చెరువో రొయ్యల చెరువో ఉంటే ఎగరేయకు. దోమ మందుల్లో చాలావాటికి కొద్ది తుంపర పడినా రొయ్య చచ్చిపోతుంది, ఆ నష్టం నీ సంఘం జీవితకాలంలో తీర్చలేదు. పొద్దున్నే గాలి లేనప్పుడు మొదలుపెట్టి గాలి లేవగానే ఆపేయాలి.

గుర్రుగా ఉన్నవాళ్ళది న్యాయమైన బాధ. వీపు మీద ట్యాంకు మోసి, మూతికి తువ్వాలు కట్టుకుని ఇన్నేళ్ళూ ఆ విషం పీల్చింది వాళ్ళే. ఆ పని పోవడం వాళ్ళ ఊపిరికి మంచిదే, కానీ కూలి పోవడం మంచిది కాదు. డ్రోన్ ఒక్కరితో నడవదు. మందు కలపాలి, నీళ్ళు మోయాలి, బ్యాటరీలు మార్చాలి, గట్టు మీద నిలబడి హద్దు చూపించాలి. ఏ చేలో ఏ పురుగు ఉందో వాళ్ళకి తెలిసినంత నీకు తెలియదు. ఇద్దరిని రోజు కూలికి నీతో పెట్టుకోమని సంఘంలో తీర్మానం చేయించు.

ప్రశ్న: మా నాన్న 96 తుపానులో పోయాడు, అప్పుడు మాకు చెప్పినవాడు లేడు. ఇప్పుడు ఫోన్లోనే చెప్తున్నారు. కానీ మొంథా అప్పుడు చెప్పినంత గాలి మా వైపు రాలేదని, ఇకమీదట వాళ్ళ మాట వినక్కర్లేదని కుర్రాళ్ళు అంటున్నారు. ఎంతవరకు నమ్మొచ్చు?
– ఒక మత్స్యకారుడు, ఓడలరేవు

జవాబు: 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో వెయ్యి మందికి పైగా పోయారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర దాటింది, చెట్లు కూలాయి, పంట పోయింది, కానీ మనుషులు పెద్ద సంఖ్యలో పోలేదు. గాలి బలంలో రెండిటికీ తేడా ఉంది నిజమే, అయినా ముందే తెలిసి జనాన్ని తరలించడం అసలు కారణం. మీ నాన్నగారికి దక్కనిది మీ పిల్లలకి దక్కింది.

నమ్మకం ఎంత అంటే, తుపాను దారిని 24 గంటల ముందు చెప్పడంలో తప్పు ఇప్పుడు సగటున వంద కిలోమీటర్ల లోపే. రెండు దశాబ్దాల కింద దీనికి దాదాపు రెట్టింపు ఉండేది. ఉపగ్రహాలు, మచిలీపట్నం, విశాఖ రాడార్లు, పుణె సంస్థ తయారు చేసి 2025 మేలో మొదలైన 6 కిలోమీటర్ల గడుల భారత్ ఫోర్‌కాస్టింగ్ సిస్టమ్ ఇవన్నీ కలిసి ఇంకా తగ్గిస్తున్నాయి. 2023లో గూగుల్ డీప్‌మైండ్ వాళ్ళు గ్రాఫ్‌కాస్ట్ అనే ఏఐ మోడల్ చూపించారు, పది రోజుల వాతావరణం నిమిషం లోపే చెబుతుంది. దారి విషయంలో ఈ మోడళ్ళు బాగానే ఉన్నాయి. గాలి ఎంత బలంగా వస్తుందన్నది చెప్పడంలో ఇంకా వెనకబడి ఉన్నాయి, తుపాను తీరానికి దగ్గరకొచ్చి ఒక్కసారిగా ముదిరితే మరీను.

కుర్రాళ్ళకి ఇది చెప్పండి. వంద కిలోమీటర్లంటే ఓడలరేవు నుంచి మచిలీపట్నం దాకా. ఓడలరేవు అన్నది అక్కడ దాటినా అంచనా తప్పినట్టు కాదు. పడమరగా వచ్చే తుపానులో కన్ను దాటిన చోటుకి ఉత్తరం పక్క గాలి ఎక్కువ, సముద్రాన్ని ఊరి మీదకి తోసేది కూడా ఆ పక్కే. నరసాపురం దగ్గర దాటితే మీరు ఆ పక్కనే ఉంటారు. ఈసారి తక్కువ వచ్చింది కదాని వచ్చేసారి పడవ దించితే, తప్పు అటువైపు వచ్చిన రోజు దిద్దుకోవడానికి ఉండదు.

ఇంకో పని చేయండి. సముద్రంలో ఫోన్ సిగ్నల్ అందని చోట కూడా హెచ్చరిక అందేలా ఇస్రో తయారు చేసిన ట్రాన్స్‌పాండర్లు లక్ష పడవలకి పెట్టే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. మీ బోటుకి వచ్చిందా, లేదంటే ఎప్పుడు పెడతారు అని మత్స్యశాఖని రాతపూర్వకంగా అడగండి. వేట నిషేధించిన రోజులకి పరిహారం కూడా అడగాలి. పొయ్యి మీద కుండ ఖాళీగా ఉంటే ఎంత మంచి హెచ్చరికైనా మనిషిని గట్టు మీద ఆపలేదు.

ప్రశ్న: ఇంటర్ బైపీసీ. బయాలజీ అంటే ప్రాణం. ఏఐ అన్నీ చేసేస్తుంది, కంప్యూటర్స్ తీసుకోకపోతే బతకలేవని ఇంట్లో టెన్షన్ పెడుతున్నారు. విశాఖకి గూగుల్ కూడా వస్తోంది కదా అంటున్నారు.
– ఒక విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: 2024 కెమిస్ట్రీ నోబెల్ మీ ఇంట్లోవాళ్ళకి చూపించు. డేవిడ్ బేకర్‌తో పాటు గూగుల్ డీప్‌మైండ్‌కి చెందిన డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకి ఇచ్చారు. వాళ్ళ ఆల్ఫాఫోల్డ్ 20 కోట్లకి పైగా ప్రొటీన్ల ఆకారం లెక్కగట్టింది. ఒక్కో ప్రొటీన్‌కి ల్యాబులో ఏళ్ళు పట్టే పని అది. కానీ ఆ ఏఐ దేన్ని చూసి నేర్చుకుంది? 1971లో మొదలుపెట్టిన ప్రొటీన్ డేటా బ్యాంకులో ప్రపంచం నలుమూలల బయాలజీ వాళ్ళు ల్యాబుల్లో కష్టపడి కనిపెట్టి, డబ్బు అడగకుండా అందరికీ ఇచ్చిన ఆకారాల నుంచి. జీవశాస్త్రం తెలిసిన మనిషి లేకపోతే అది పుట్టేదే కాదు.

గూగుల్ విశాఖలో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించింది. డేటా సెంటర్ కట్టేటప్పుడు పని ఎక్కువ, కట్టాక దాన్ని నడిపేవాళ్ళు కొద్దిమందే. దాన్ని చూసి జీవితం మార్చుకోవద్దు. బయాలజీయే తీసుకో, పక్కన స్టాటిస్టిక్స్, కొంచెం పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకో. రొయ్య జబ్బులు, వరి తెగుళ్ళు, షుగరు... నీ చుట్టుపక్కల ముప్పై కిలోమీటర్లలోనే ఒక జీవితకాలానికి సరిపడా పని ఉంది.

ప్రశ్న: కొబ్బరి ఆకుల కింద తెల్లదోమ సుడులు సుడులుగా ఉంది, ఆకు పైన మసి పట్టింది. ఏ మందు కొట్టాలి?
– ఒక రైతు, పి.గన్నవరం

జవాబు: ఏ మందూ కొట్టకండి. ఇది సర్పిలాకార తెల్లదోమ, మన దేశంలో 2016లో మొదట తమిళనాడు పొల్లాచ్చి దగ్గర కనిపించింది. విషం కొడితే దాన్ని తినే మిత్రపురుగులు ముందు చస్తాయి, దోమ రెట్టింపై తిరిగొస్తుంది. ఎన్‌కార్సియా అనే చీమ తలంత కూడా లేని కందిరీగ జాతి పురుగు ఈ దోమ పిల్లల ఒంట్లోనే గుడ్డు పెట్టి చంపుతుంది. ఇసారియా అనే శిలీంధ్రం కూడా పనిచేస్తుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రానికి వెళ్ళి రెండిటి గురించీ అడగండి. అందిన ఎత్తులో ఉన్న మొక్కలకి గట్టిగా నీళ్ళు కొట్టి దోమని కడిగేయండి.

వెళ్ళేముందు ఒక ఈనె ఆకు కోసి, కింది వైపు భూతద్దంతో చూడండి. దోమ పిల్లల పెంకుల మీద గుండ్రటి చిన్న కన్నాలు కనిపిస్తే ఎన్‌కార్సియా మీ తోటలోకి అప్పటికే వచ్చేసినట్టు. అలాంటి ఆకులు నాలుగు కోసి, దోమ ఎక్కువగా ఉన్న చెట్లకి కట్టండి.